లోతు తెలిసినవాడు

“మీరు ఫోటోలే తీస్తరా, మనుషులను గూడ పైకి తీస్తరా?”

సుజాత అడిగిన దానికి ఫోన్ స్పీకర్‌లోంచి నవ్వు వినిపించింది.

“భలేవారే మేడమ్. అండమాన్‌లో స్కూబా అంటే మాదే. వీడియో ఫ్రీ, డ్రోన్ షాట్ ఫ్రీ. కొత్త జంట పేరు మీద ఎంక్వైరీ ఉంది కదా, నీళ్లలో ఇద్దరి చేతా...”

“నీళ్లు బురదగ ఉంటే?”

“మా సముద్రంలో బురదేంటండీ. అద్దంలా ఉంటుంది.”

“ఉందనుకోండ్రి. చెయ్యి మొఖం ముందర పెట్టుకున్నా కనపడది. అప్పుడేం జేస్తరు?”

“క్యాన్సిల్ చేసేస్తాం. వీడియో రాదు కదా.”

సుజాత ఫోన్ కట్ చేసింది. “ఈయన కాదు.”

మంచం అంచున కూర్చున్న భవాని తలూపింది. ఆమె సుజాత తమ్ముడు రవీందర్ భార్య. పెళ్లై ఇంకా ఏడాది తిరగలేదు. ఇద్దరికీ వచ్చే వారం అండమాన్ విమానం టికెట్లున్నాయి. సముద్రం అడుగుకు దిగి చూడాలన్నది రవీందర్ పిచ్చి. వీడియోలు చూసి చూసి, నీళ్లలోకి దింపే మూడు కంపెనీలను ఏరి, నంబర్లు భార్య ఫోన్‌కు పంపాడు. అందులో ఒకదాన్ని ఖాయం చేసే పని ఇప్పుడు సుజాత మీద పడింది. భద్రాచలం దవాఖానాలో నర్సు ఆమె. గుచ్చి గుచ్చి అడగడం అలవాటు.

వంటింటి గడపలో తల్లి ఎర్రమ్మ గోడకు ఆనుకుని ఉంది. పొయ్యి ముట్టించలేదు. పక్కింటి తబస్సుం తెచ్చిచ్చిన అన్నం గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది.

“ఒక్క ముద్ద తినమ్మా,” అంది సుజాత.

“నాకొద్దు. నీళ్లల్ల దిగినోడు నా ఇంటికి రావాలె. నువ్వు మాటిచ్చినవ్.”

“ఇచ్చిన. గందుకే గిన్ని అడుగుతున్న.”

వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది. మేనమామ సమ్మయ్య. రవీందర్ తన ట్రాలీ ఆటో నిలిపే చోటు ఖాళీగా ఉంది. అయినా సమ్మయ్య అక్కడ పెట్టకుండా, తన బండిని గోడ పక్కకు తోశాడు. మోకాళ్ల దాకా బురద.

“ఎగువన గేట్లు ఎత్తుతరట సుజాతా. ఎల్లుండికి గోదారి మల్లా పెరుగుతది.”

“పెరిగితే?”

“దారి మూసుకపోతది. ఇగ ఏం జేసినా ఫాయిదా లేదు. ఎవరో ఒకర్ని జల్దీ ఖాయం చెయ్. కూరగాయలు బేరం చేసినట్టు ఎంతసేపు?”

“కూరగాయలైతే నీకే ఇడుస్తుంటి మామా.”

సుజాత రెండో నంబరు కలిపింది.

“మునిగిన ఓడల కాడ దింపుతరా మీరు?”

“అదే మా స్పెషల్ మేడమ్. ఎంతమందికి రాయను?”

“లోపలికి పోయిన మనిషి ఇరుక్కుంటే?”

“శుభమా అని టూర్‌కు వస్తూ ఆ మాటలెందుకండీ? దిగేముందు సంతకం పెడతారు కదా. ఇంకేం భయం లేదు.”

“సంతకం పెడితే భయం లేంది మాకా, మీకా?”

జవాబు వినకుండానే సుజాత ఫోన్ కట్ చేసింది. భవాని ఫోన్‌లోకి తొంగి చూసింది.

“ఇంకొక్కటే ఉంది వదినా. ఆయనకు గీనే నచ్చిండు. వీడియోల్ల నవ్వడు, ఎగరడు, నీళ్ల సంగతి తప్ప వేరే చెప్పడు అనేటోడు.”

మూడో నంబరు చాలాసేపు మోగింది. ఎత్తినవాడు తన పేరు రాందాస్ అన్నాడు. ధర చెప్పలేదు. దిగేవాళ్లకు ఉబ్బసం ఉందా, చెవి నొప్పి ఉందా అని అడగబోయాడు.

“ముందు నేనడుగుత అన్నా. మునిగిన ఓడ లోపల మనిషి ఇరుక్కుంటే, నీళ్లు బురదైతే, ఎట్ల తీస్తరు? ఎన్నడన్నా తీసిన్రా?”

సుజాత ఫోన్ వైపు వంగింది.

“అబద్ధం చెప్పలేనండీ. ఒక్కసారి తీశాను. మా దగ్గర దిగినవాడు కాదు, వేరే వాళ్ల మనిషి. బోటు లోపల ఇరుక్కున్నాడు. మట్టి లేచిపోయి టార్చి వెలుగు కూడా కనపడలేదు. నడుముకు తాడు కట్టుకుని, చేతులతో తడుముకుంటూ పోయాను.”

“దొరికిండా?”

“దొరికాడు.”

“పాణంతోటి?”

“లేదండీ.”

భవాని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎర్రమ్మ గడప మీద నుంచి లేచి వచ్చి ఫోన్ పక్కన కూర్చుంది.

“భయపెట్టేశాను కదా,” అన్నాడు రాందాస్. “సరదాగా గడపడానికి వచ్చేవాళ్లకు చెప్పే సంగతి కాదిది. మీరు అడిగారని చెప్పాను. ఇంకొకరిని చూసుకుంటానంటే నేనేమీ అనుకోను.”

సుజాత తల్లి ముఖంలోకి చూసింది. ఎర్రమ్మ మెల్లగా తలూపింది.

“మాకు మీరే కావాలె అన్నా.”

“సరేనండీ. మరి ఎప్పుడొస్తున్నారు?”

“మేం రాం. రేపటి విమానానికి మీరే రావాలె. సామానంత తెచ్చుకోండ్రి. ఖర్చు మాది.”

“నేనా? ఎక్కడికి?”

“భద్రాచలం.”

“అక్కడ సముద్రం లేదు కదండీ?”

భవాని ఫోన్ అందుకుంది.

“ఇక్కడి ఈతగాళ్లతోటి గాలేదు. మా ఆయన ఆటోతోపాటు గోదావరి అడుగున ఉన్నడన్నా.”