మంచెకు చెట్టు చూపిన దుప్పి

ఎండలకు మోడువారిన ఒక అడవిలో నీళ్లున్న చెలమ ఒక్కటే మిగిలింది. దానికి దారులు రెండు. ఒకటి చుక్కయ్య అనే దుప్పిది, ఇంకోటి వాళ్లన్న కొమ్ములయ్యది. అన్నదమ్ములకు మాటల్లేవు.

ఒకరోజు వేటగాడొకడు అదేదో కొత్త రకం ఇనుప మంచె భుజాన వేసుకొచ్చి, దాన్ని బిగించి పైన కాపు కాయడానికి చెట్లు తట్టి చూడసాగాడు. తన దారిలోని మద్దిచెట్టును వాడు నిమరడం చుక్కయ్య చూశాడు. పొదలోంచే గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, అదంతా తొర్ర. మా అన్న దారిలో ఏగిశచెట్టు చూడండి. నిట్టనిలువు, కొమ్మ అడ్డం లేదు."

పైనుంచి కొండముచ్చు పళ్లికిలించింది. "ఓరి నీ తెలివి తెల్లారా! వేటగాడికి చెట్టు కుదిర్చే పెళ్లిపెద్దవి నువ్వేనట్రా?"

"ఊరుకో అత్తా. ఒకసారి ఎక్కిన మంచె మళ్లీ దిగుతుందా? ఇక నా దారికి భయం లేదు."

సాయంత్రం తుపాకీ ఒక్కసారే పేలింది. ఆ పూట అన్న చెలమకు రాలేదు; చుక్కయ్య నీళ్లలో మూతి పెట్టి, తాగకుండానే వెనుదిరిగాడు.

తెల్లారి వేటగాడు ఏగిశచెట్టుకు బిగించిన పట్టీలు విప్పాడు. మంచె వాడితోపాటే చెట్టు దిగింది. దాన్ని భుజానికెత్తుకుని పొద దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా అడిగాడు:

"తమ్ముడూ, ఇవాళ్టికి ఏ చెట్టు చెబుతావు?"