అవతలి ఊరి రక్తం

అవతలి ఊరివాళ్లదని చీటీలు అంటించిన గొట్టాలన్నిట్లోనూ ఉన్నది ఒకే ఒక్క మనిషి రక్తం.

అంకెలన్నీ కవలల్లా ఉన్నాయని అనుమానమొచ్చి రెండోసారి పరీక్షించమన్నది లెక్కలమ్మాయే. సర్వేల గణాంకాలు చూస్తుంది కాబట్టి ఆఫీసులో ఆమెకా పేరు. ల్యాబు కబురు వినగానే పెద్దసారు గదిలోకి దూసుకెళ్లింది. ఆయన పాత కవర్లు చింపి, వెనకవైపు ఏదో రాసుకుంటున్నాడు.

"సార్, మనల్ని ఎవరో నిలువునా ముంచారు."

బ్యాటరీ ఫ్యాక్టరీ పక్క వాడలో మనుషులు ఒక్కొక్కరే మంచం పడుతున్నారు. ఒంట్లో సీసం. అది ఫ్యాక్టరీ పొగ పుణ్యమేనని తేలాలంటే, పొగ సోకని అవతలి ఊరివాళ్ల రక్తంతో పోల్చి తేడా చూపాలి. రేపే విచారణ. రెండుచోట్లా సీసం ఒకేలా ఉంటే ఫ్యాక్టరీ దొరలా బయటపడుతుంది. ఇప్పుడు ఒకేలా ఉంది.

"సీసం కరిగించే కొలిమివాడెవడిదో రక్తం తెచ్చి నింపారు సార్. మనలో ఎవరో ఫ్యాక్టరీకి అమ్ముడుపోయారు. ఆ ఊరికి వెళ్లిందెవరు?"

ఆ ఊరి విషయంలోనే అంతకుముందు పెద్దసారుకీ ఆమెకీ గొడవైంది. కొండదారి, జీపు, నర్సు, ఐసుపెట్టె, అన్నీ ఖర్చే. సగంమందితో సరిపెట్టమని ఆయన బతిమాలాడు. మనుషులు తగ్గితే తేడా ఉన్నా కంటికి ఆనదని, అలాంటి నివేదికను ఫ్యాక్టరీ వకీలు ఉఫ్‌మని ఊదేస్తాడని, తను సంతకం పెట్టనని ఆమె తెగేసి చెప్పింది. నీ లెక్క తగ్గదు, నా నిధులు పెరగవు అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత గొట్టాలన్నీ లెక్కప్రకారం వచ్చాయి. ఎలా సర్దారని ఆమె అడగలేదు.

"సీసం ఎంతుందన్నావు?" అడిగాడు పెద్దసారు.

"కొలిమివాళ్లకి ఏమాత్రం తీసిపోదు. వాడెవడో గానీ, ఇప్పటికిప్పుడు ఆస్పత్రిలో చేరకపోతే దక్కడు సార్."

పెద్దసారు కలం పక్కన పెట్టి, చొక్కా చేతిని నెమ్మదిగా పైకి మడిచాడు. మోచేతి మడతలో వరసగా సూదిపోట్లు, వాటి చుట్టూ కమిలిన మచ్చలు.

"కొలిమివాడు కాదమ్మా, నేనే. ఫ్యాక్టరీకి దూరంగా మన ఊరికి ఆ చివర ఉండేవాణ్ణి, ఈ పొగ మా ఇంటిదాకా ఎక్కడొస్తుందిలే, నా రక్తం శుభ్రమే కదా అనుకుని నేనే తీసి నింపాను."