ఎదురుచూసే మనిషి నంబరు

“మీరు తిరిగి రాకపోతే కంగారుపడే మనిషి ఎవరో చెప్పండి. నంబరు రాసుకుంటాను,” అంది చెక్‌పోస్టులో గార్డు, పెన్ను మూత తీస్తూ.

“అలాంటివాళ్ళెవరూ అక్కర్లేదు. నేను సోలో!” కళ్లజోళ్ల షాపాయన ఛాతీ విరుచుకున్నాడు. వీపు మీది సంచి ఆయన్ని వెంటనే వెనక్కి గుంజింది. పద్దెనిమిది కిలోలు మరి. గుడారం, స్టవ్వు, తాడు, దిక్సూచి, ఈల అన్నీ ఉన్నాయందులో. వాటిలో ఆయనకి వాడటం వచ్చింది ఈల ఒక్కటే.

“సోలో గీలో నాకు తెలీదు సార్. అడవి దారిలో ఒంటరిగా ఎక్కేవాళ్ళకి కింద ఒకరి పూచీ ఉండాలి. నేనే ఫోన్ చేస్తాను. రేపు సాయంత్రం అయిదింటికల్లా ఈయన దిగకపోతే కబురు చేస్తాం, వస్తారా అని అడుగుతాను. వస్తామంటే పాస్ ఇస్తాను. లేదంటే లేదు. తొమ్మిదింటికి గేటు మూసేస్తాం.”

గోడ గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తోంది.

కొండ ఇంకా మొదలే కాలేదు, షాపాయనకి చెమట పట్టేసింది. మనిషన్నాక ఒక్కసారైనా ఒంటరిగా కొండెక్కి తనను తాను తెలుసుకోవాలని పదిహేను రోజులుగా బజారంతా చాటింపు వేశాడు. కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళకి అక్షరాల బోర్డు కంటే ముందు ఈ ఉపన్యాసమే వినిపించాడు. ఇప్పుడు శిఖరం మీద ఫొటో లేకుండా వెళ్తే ఆ బజారులో తలెత్తుకు తిరగలేడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆయన ఇంట్లో చెప్పకుండానే రచ్చ గెలుద్దామనుకున్నాడు. కొత్త ఫ్రేముల కోసం పట్నం వెళ్తున్నానని భార్యకి చెప్పి, నిన్న సాయంత్రమే వచ్చి కొండ కింద లాడ్జిలో దిగాడు. నిజం చెబితే “నేనూ వస్తానండీ” అంటుంది. ఆవిడ వచ్చాక ఇంక సోలో ఏముంది, అదీ సంసారమే.

అందుకని పక్క షాపు టైలర్ నంబరు ఇచ్చాడు. గార్డు స్పీకర్ పెట్టింది.

“కొండెక్కుతున్నాడా? నిజంగానే వెళ్ళాడా!” టైలర్ గొంతులో ఆశ్చర్యం, ఆ వెనకే ఆలోచన. “అమ్మా, ఒకవేళ ఆయన దిగకపోతే... ఆ షాపు ఎవరి చేతికి వస్తుందంటారు? అది మూల షాపు కదా, రెండు వైపులా గిరాకీ. ఊరికే అడుగుతున్నాను.”

గార్డు ఫోన్ పెట్టేసింది. “ఇంకొకరు?”

“మా అక్క. ప్రాణం పెడుతుంది.”

అక్క అంతా శ్రద్ధగా వింది. “రేపు అయిదింటికా? అప్పుడు నాకు సీరియల్ వస్తుందమ్మా. ఆరున్నరకి చేయకూడదూ?”

“మా రూలు అయిదింటికేనండీ.”

“అయితే ఇంకెవరికైనా చేయండి. మనిషెలాగూ దిగలేదు కదా, గంటన్నరలో కొత్తగా అయ్యేదేముంది?”

షాపాయన మనసు నిజంగానే చివుక్కుమంది. ఒంటరితనం వెతుక్కుంటూ వచ్చాడు గానీ, అది గేటు దగ్గరే ఇంత ధారాళంగా దొరుకుతుందనుకోలేదు. గడియారం వైపు చూశాడు. తొమ్మిదికి పది నిమిషాలుంది.

“మీ ఇంట్లోవాళ్ళు లేరా సార్? పిల్లలు?”

“లేరు.” ఆ మాట నిజమే.

“మీ ఆవిడ?”

“పోయిందండీ.”

నోరు జారింది. జారాక వెనక్కి తీసుకోవడానికి టైము లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కాబట్టి జేబురుమాలు కూడా తీశాడు. “ఆరేళ్లయింది. చాలా మంచి మనిషి. నోట్లో నాలుక లేదు. నేనంటే ప్రాణం.” ఇంత మంచి మాట ఆవిడ ముందు ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు. అంటుంటే ఆ జేబురుమాలు నిజంగానే అవసరపడింది.

గార్డు ముఖం మెత్తబడింది. “అయ్యో, ముందే చెప్పొచ్చుగా సార్. నిజంగా ఎవరూ లేనివాళ్ళకి మా ఆఫీసే పూచీ పడుతుంది. దానికి వేరే పుస్తకం ఉంది.” సొరుగులోంచి సన్నటి పుస్తకం తీసి, పేజీ తెరిచి ముందుకు జరిపింది. “వివరాలు రాసి సంతకం పెట్టండి. ఈలోగా పాస్ రాస్తాను.”

షాపాయన ప్రాణం లేచొచ్చింది. పేరు రాశాడు. కుటుంబం అన్నచోట ‘భార్య మరణించింది’ అని పొందిగ్గా రాసి, కింద గీత కూడా గీశాడు. చిరునామా దగ్గర ఆగాడు. వీధి పేరు చాలా, ఇంటి నంబరు కూడా వేయాలా అని పై వరుస చూశాడు.

పై వరుసలో ఇంటి నంబరు ఉంది. వీధి కూడా ఉంది. అది ఆయన వీధే, ఆ నంబరు ఆయన ఇంటిదే. నెలనెలా సరుకుల చీటీలో చూసే గుండ్రటి అక్షరాలు అవి. ‘భర్త మరణించాడు’ అన్నచోట చేతి వణుకు కాదు కదా, ఒక్క కొట్టివేత కూడా లేదు.

గార్డు పాస్ మీద టపీమని ముద్ర గుద్ది చేతికిచ్చింది.

“పొద్దున ఆరింటికే ఎక్కిందండీ ఆవిడ, పాపం మీలాగే ఎవరూ లేని మనిషి. కాస్త గబగబా నడవండి, తోడు దొరుకుతుంది.”