మనిషికి రెండు రొట్టెలు

“మీ ఇంట్ల మీరు ముగ్గురు. మనిషికి రెండు రొట్టెలు. అన్నీ కలిపితే ఎన్ని?”

“ఎనిమిది సారూ,” అంది ఉప్పలమ్మ.

ఎల్లస్వామి పంతులు చేతిలోని చింతబరిక ఆమె అరచేతి మీద పడింది.

“ఇంకోపారి చెప్పు.”

“ఎనిమిదే సారూ. పొద్దుగాల మా అమ్మ గన్నే చేసింది. నేనే లెక్కపెట్టిన.”

పంతులు గుమ్మం వైపు చూశాడు. ఎవరూ లేరు. మిగతా పిల్లలను ఎప్పుడో ఇళ్లకు పంపేశాడు. ఈ బడికి వచ్చిన రెండేళ్లలో ఆయన ఏ పిల్లనూ కొట్టలేదు. ఈ రోజే మొదలు.

నిజానికి ఆ ఏడేళ్ల పిల్ల లెక్క తప్పలేదు. ఆ ఇంట్లో ఉండేది తల్లి బిక్షమ్మ, అవ్వ, ఉప్పలమ్మ. వారం నుంచి గాదె వెనక నాలుగో మనిషి పడి ఉన్నాడు. కమ్యూనిస్టుల సంఘం మనిషి. తొడలో తూటా. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని పంతులుకు ఎవరూ చెప్పలేదు. ఈ పొద్దున పలక మీద పిల్ల వేసిన కూడిక చెప్పింది.

పోలీసు యాక్షన్ అయి ఏడాది దాటింది. రజాకార్ల పీడ పోయిందని ఊపిరి పీల్చుకునేలోపే మర్రిగూడ దిక్కు ఊరూరా క్యాంపులు పడ్డాయి. ఇప్పుడు సంఘం వాళ్ల కోసం వేట. మొన్న క్యాంపు జమేదారు పక్క ఊరి బడికి వెళ్లి పిల్లలను రొట్టెల లెక్క అడిగాడు. ఒక పిల్లవాడు రెండు ఎక్కువ చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ ఇల్లు బూడిదయింది. తల్లిని క్యాంపుకు పట్టుకుపోయారు. ఇంట్లో దొరికిన మనిషిని వాగు ఒడ్డున కాల్చేశారు.

రేపు ఆ జమేదారు ఈ బడికి వస్తున్నాడు.

పిల్లను రేపు రావద్దని చెప్పే వీలు కూడా లేదు. హాజరు పట్టీ క్యాంపులోనే ఉంది. బడికి రాని పిల్ల ఇంటినే ముందు సోదా చేస్తారు. తల్లికి చెబుదామని ఆ ఇంటికి వెళ్తే కాపలా జవాన్ల కళ్లు అటే పడతాయి.

“సారూ,” ఉప్పలమ్మ ముక్కు ఎగబీల్చింది. “ఆకలైనోళ్లకు పెట్టుడే దయ అని మీరే చెప్పిండ్రు గద. మరి గా అన్న తిన్న రొట్టెలు లెక్కల కలుపొద్దా?”

పంతులు చప్పున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏ అన్న? మీ ఇంట్ల అన్న లేడు, గిన్న లేడు. గా మాట మళ్ల నోట్లకెల్లి వచ్చిందంటే తోలు తీస్త!”

పిల్ల బిత్తరపోయింది. అసలు సంగతి చెబుదామంటే చిన్నపిల్ల, ఎక్కడో నోరు జారుతుంది. చెప్పకపోతే రేపు ఎనిమిది అంటుంది. పంతులుకు ఏ దారీ కనబడలేదు. బరిక మళ్లీ ఎత్తాడు.

పశువులు ఇంటిదారి పట్టేదాకా అదే పాఠం.

“ఎంతమంది?”

“ముగ్గురం.”

“రొట్టెలు?”

“ఆరు.”

“గట్ల నసుగుడు కాదు. అడుగంగనే చెప్పాలె. రొట్టెలు?”

“ఆరు సారూ!”

చివరికి ఆమె అరచేతిని తన కండువాతో తుడిచి, ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు.

“నొస్తాందా?”

“ఊ. సరిగనే చెప్తే కూడ ఎందుకు కొట్టిండ్రు సారూ?”

“చాతగాక కొట్టిన బిడ్డా,” అన్నాడు పంతులు.

మర్నాడు జమేదారు వచ్చాడు. మదరాసు వైపు మనిషి. తుపాకీ జవాను చేతికిచ్చి, బూట్లు బయటే విప్పి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎవరిదో పలక తీసుకుని తన జేబురుమాలుతో శుభ్రంగా తుడిచాడు.

“ఆకలేసినవాళ్లకి ఏం చెయ్యాలర్రా?”

ఆ మాట తీరుకే పిల్లలు కిసుక్కుమన్నారు.

“బువ్వ పెట్టాలె!” అని అరిచారు.

“ఎవరు చెప్పారు?”

“మా సారు!”

జమేదారు పంతులును చూసి నవ్వాడు.

రొట్టెల లెక్క మొదలైంది. ముందు బుచ్చయ్య లేచాడు.

“మేం అయిదుగురం. మా తాత మాత్రం మూడు తింటడు, నోట్ల ఒక్క పన్ను లేకున్నా!”

“నీ తాత పండ్ల లెక్క ఎవడడిగిండ్రా?” అంది వెనకనుంచి నర్సింగమ్మ. బడంతా గొల్లుమంది.

బుచ్చయ్య వేళ్లు మడవసాగాడు. పది అయిపోయాయి. పక్కవాడి చెయ్యి లాక్కుని ఒక వేలు మడిచి, “పదకొండు!” అన్నాడు. నర్సింగమ్మ రెండుసార్లు తప్పి, వేళ్లన్నీ మళ్లీ మొదటినుంచి మడిచి ఎనిమిది అంది. మల్లప్ప కాలివేళ్ల దాకా వెళ్లాడు. జమేదారు ఎవరినీ తొందరపెట్టలేదు. ప్రతి ఒక్కరి చేతులవైపే చూస్తూ ఓపికగా విన్నాడు.

ఉప్పలమ్మ వంతు వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడింది.

“మీ ఇంట్లో ఎంతమందమ్మా?”

“ముగ్గురం.”

“మనిషికి రెండేసి రొట్టెలైతే?”

“ఆరు!”

“శాబాష్!” జమేదారు ఆమె తల నిమిరి, జేబులోంచి చక్కెరబిళ్ల తీసి ఇచ్చాడు. ఉప్పలమ్మ పంతులువైపు చూసి, వాచిన చేత్తో దాన్ని నోట్లో వేసుకుంది.

పంతులు కళ్లు మూసుకున్నాడు. నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

మిగిలిన పిల్లల లెక్కలు కూడా అయ్యాయి. ఎక్కడా రొట్టె ఎక్కువ రాలేదు. జమేదారు లేచి, అందరికీ టాటా చెప్పి, బయటికి నడిచాడు. పంతులు వెనకే వెళ్లి చేతులు జోడించాడు.

బూట్ల తాళ్లు బిగించుకుంటూ, తల ఎత్తకుండానే జమేదారు మెల్లగా అన్నాడు: “పటాలంలో చేరకముందు నేనూ పదేళ్లు ఒకటో తరగతికి కూడికలు చెప్పినవాణ్ణే పంతులుగారూ, ఇంతమందిలో వేలు మడవకుండా జవాబు చెప్పింది ఆ పిల్ల ఒక్కతే, వాళ్ల ఇల్లెక్కడో చూపించండి.”