వేలిముద్ర

"ఇవన్నీ దొంగ పేర్లే," అన్నాడు గ్రాంటు తనిఖీకి వచ్చిన దత్తాబాబు బెంగాలీలో, రిజిస్టరు ఠపీమని మూస్తూ. "వేలిముద్రలు వేసేవాళ్లు పుస్తకాలేం చదువుతారు? గ్రాంటు ఆపెయ్యమని రాస్తున్నా."

కలకత్తా రేవు పక్క మెటియాబ్రుజ్‌లో డాక్ కూలీల తెలుగు లైబ్రరీ అది. గ్రాంటు ఆగితే తలుపుకి తాళమే. లైబ్రేరియన్ కూర్మయ్య రిజిస్టరు మళ్లీ తెరవబోయాడు.

అంతలో కూలీ లైన్లలో ఉండే దాలమ్మ ఒక నవల పట్టుకుని వచ్చింది. "గడువైపోనాది బాబూ. ఇంకో వారం రాసుకో," అంటూ అలవాటుగా స్టాంపు ప్యాడు మీద బొటనవేలు పెట్టింది.

వెళ్లిపొమ్మని కూర్మయ్య సైగ చేశాడు. దత్తాబాబు ఆ వేలు చూడనే చూశాడు.

"ఇదిగో, దొరికింది. ఇందులో ఏముందో చెప్పమ్మా."

దాలమ్మ వచ్చీరాని బెంగాలీలో మొదలుపెట్టింది. పడవ మునగడం, పిల్లాడు తప్పిపోవడం, ఇరవై ఏళ్లకు వాడొచ్చి తల్లి గుమ్మంలో నిలబడడం, అన్నీ చెప్పి చటుక్కున ఆగింది.

"తర్వాత?"

"తెలీదు. మా కోడలు సదువుతాది, లైనోళ్లమంతా సుట్టూ కూకుని ఇంటాం. ఆడు కొడుకేనని తల్లి పోల్చుకునేలోగా నిన్న కరెంటు పోనాది." పుస్తకం అతని ముందు తెరిచింది. "నువ్వు సదువుకున్నోడివి. పోల్చుకుందో లేదో సదివి సెప్పు బాబూ."

దత్తాబాబు ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"నాకు ఈ అక్షరాలు రావు."

దాలమ్మ స్టాంపు ప్యాడు అతని వైపు జరిపింది.

"అయితే నువ్వూ మా లాటోడివే దాదా. ఏలిముద్రేసి, సాయంత్రం మా లైనుకి రా."

దత్తాబాబు పెన్నుకి మూత పెట్టాడు.

"ఎన్ని గంటలకు?"