సిన్నబ్బాయా, సిన్నమ్మా?

గౌరీశంకర్ చెమట తుడుచుకున్నాడు. జయపురంలో తను పనిచేసే కంప్యూటర్ కాలేజీలో ల్యాబ్‌కి నెట్ పోయి అప్పటికి పావుగంటైంది.

పన్నెండు దాటితే పరీక్ష ఫారాలు వెళ్లవు. ల్యాబ్‌లో నలభైమంది పిల్లలు. గడియారం చూస్తే పదకొండూ నలభై ఆరు.

కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, అదే నెట్‌వర్క్ స్విచ్, దాని ముందు కూర్చున్నాడు. నల్లతెర మీద నాలుగు లైన్లు వచ్చాయి. మూడేళ్లుగా రోజూ వస్తున్నవే. ఏ కంపెనీ హెచ్చరికో అనుకుని, అలవాటుగా ఎంటర్ కొట్టి దాటేశాడు.

‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్.’ ఇంగ్లిషులో ఇరవై అక్షరాలు. వైర్లు గుచ్చే పోర్టుల్లో ఏది బతికుందో, ఏది చచ్చిందో చెప్పే మాట. కంగారులో రెండుసార్లు తప్పు కొట్టాడు.

“గాభరా పడకు బాబూ,” అంది గుమ్మం దగ్గర బెంచీ మీదున్న ఆవిడ. ఫారం పనిమీద మేనకోడల్ని తీసుకొచ్చింది. ఒళ్లో చింతపండు సంచి.

“నువ్వూరుకో అమ్మా. ఇదేటి సింతపండు బేరం కాదు.”

ఆవిడ నవ్వింది. “అంత పొడుగు పేరెందుకు? ఎస్, హెచ్ సాలు. తర్వాత ఐ, ఎన్, టి. ఆ తర్వాత ఎస్, టి.”

గౌరీశంకర్ నోరు తెరిచాడు. అలాగే కొట్టాడు. ఎవరిని పిలిచావో తేలడం లేదంది తెర.

“తేల్దు మరి, ఆఖరి మాటకి ఎస్, టి సాలదు. మా ఇంట్లో సిన్నబ్బాయి, సిన్నమ్మి ఉన్నారు. ‘సిన్న’ అంటే ఇద్దరూ పలుకుతారు. ‘సిన్నబ్’ అన్నామనుకో, ఒక్కడే వస్తాడు. దీన్లోనూ స్టాట్స్, స్టేటస్ అని ఇద్దరున్నారు.”

“మరేటి సెయ్యాల?”

“ప్రశ్న గుర్తు కొట్టు. అదే సెప్తాది.”

కొట్టాడు. రెండు పేర్లూ పక్కపక్కనే వచ్చాయి. ఈసారి స్టేటస్‌లోని ‘యు’ దాకా కొట్టి ఆపాడు. పోర్టులన్నీ వరసగా పరుచుకున్నాయి. ఆవిడ లేచొచ్చి తెర చూసింది.

“పదకొండోది సూడు, ల్యాబ్‌కెళ్లేది. తనంతట తనే తలుపేసుకుంది. ల్యాబ్‌లో ఎవరో ఒకే వైరు రెండు కొసలూ గోడకే గుచ్చీసుంటారు. పీకించు. తర్వాత దాన్నోసారి మూసి తెరువు.”

వెతికితే వైరు దొరికింది. పోర్టు మూశాడు, తెరిచాడు. మళ్లీ చూద్దామని ఆ మాటంతా కొట్టబోయాడు.

“పైబాణం నొక్కు బాబూ. పాత మాట అదే వస్తాది.”

ల్యాబ్‌లో పిల్లలు ఈలలేశారు. పదకొండూ యాభై ఎనిమిదికి ఆఖరి ఫారం కూడా వెళ్లింది. గౌరీశంకర్‌కి ప్రాణం లేచొచ్చింది.

“విజయదుర్గత్తా, రాయగడ బస్సొచ్చీసింది!” బయటి నుంచి మేనకోడలు కేకేసింది.

ఆవిడ సంచి భుజానేసుకుని పరుగెత్తింది.

చింతపండు మాట గుర్తొచ్చి గౌరీశంకర్ సిగ్గుపడ్డాడు. తప్పయిందని చెబుదామని గేటు దాకా వెళ్లేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

అయినా మనసు హాయిగానే ఉంది. నేర్చుకున్నది మరోసారి చూసుకుందామని వచ్చి కూర్చున్నాడు.

మళ్లీ ఆ నాలుగు లైన్లు. తొందరేం లేదు కాబట్టి, మూడేళ్లలో మొదటిసారి చదివాడు.

అక్షరాలు ఇంగ్లిషువే గానీ మాటలు తెలుగు: ‘చిక్కొస్తే గాభరా పడకండి. ప్రశ్న గుర్తు కొట్టండి. ఇట్లు, మీకన్నా ముందు ఈ కుర్చీలో కూర్చుని ఈ స్విచ్ అమర్చిన విజయదుర్గ.’