కాసులమ్మ పిక్కల మందు

కాసులమ్మకి పిక్కలు పట్టేస్తున్నాయని ఆమె తమ్ముడు పరవాడ నుంచి మెగ్నీషియం నూనె తెచ్చాడు. ఆమెకి నడుం వంగదు. అందుకని భర్త అప్పలనరసింహమే రోజూ రాసి మర్దనా చేసేవాడు. నొప్పి తగ్గింది.

"పుస్తకాలు కాదు బావా, పని జరిగిందా లేదా?" అన్నాడు బావమరిది.

ఆ మాట అప్పలనరసింహానికి గుచ్చుకుంది. చర్మానికి రాస్తే మెగ్నీషియం ఒంట్లోకి చేరుతుందనడానికి గట్టి రుజువు లేదని అతను పుస్తకాల్లో చదివి, ముందే బావమరిదితో అన్నాడు. అది పేరుకే నూనె, చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది. దాన్ని పారబోసి సీసాలో ఉప్పునీళ్ళు నింపాడు. కాసులమ్మ హాయిగానే ఉంది.

ఆదివారం బావమరిది వచ్చేసరికి అతను ఆమె పిక్కలు రుద్దుతున్నాడు.

"ఇవి ఉప్పునీళ్ళోయ్! వారంబట్టీ ఇవే రాత్తన్నాను. నీ మందు గొప్పేటో ఇప్పుడు సెప్పు."

బావమరిది మొహం మాడిపోయింది. కాసులమ్మ చటుక్కున కాళ్ళు లాక్కుంది.

"మందని ఊరుకున్నాను. ఉత్త నీళ్ళకా మొగుడిసేత కాళ్ళు పట్టించుకున్నాను! ఎంత పాపం!"

మర్నాడు పిక్కలు మళ్ళీ పట్టేశాయి. పళ్ళు బిగించి మూలుగుతోందే గాని, అతన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు.

అప్పలనరసింహం వీధిలోకి వెళ్ళి బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఇంకో సీసా తేవోయ్. ఇది అసలు మందేనని మీ అక్కకి నువ్వే సెప్పాల. నా మాట నమ్మదు."